అగ్నిపర్వతం బద్దలవకుండానే కొండ పక్క మొత్తం కూలుతుందా? ఎంత దూరం వస్తుంది?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో సోషల్ చెప్తాను. సైన్స్ ఫెయిర్‌కి పదో తరగతి పిల్లలు అగ్నిపర్వతం మోడల్ చేస్తామన్నారు. వంటసోడా, వెనిగర్ కలిపి నురగ పొంగించేది ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. దాని బదులు కొండ ఒక పక్క మొత్తంగా జారి కిందికొచ్చే ప్రమాదాన్ని చూపిద్దామని మా ఆలోచన. పిల్లలు అడిగినవాటిలో నేను గట్టిగా జవాబు చెప్పలేనివి ఇవి.

లావా రాకుండానే అగ్నిపర్వతం కూలుతుందా? కూలితే ఆ రాయీ మట్టీ ఎంత దూరం వస్తాయి, లెక్క కట్టే పద్ధతి ఏదైనా ఉందా? ముందుగా పసిగట్టొచ్చా? అండమాన్‌లోని బారెన్ ఐలాండ్ కూలితే సూర్యలంక, మంగినపూడి తీరాలకు సునామీ వస్తుందా? ఇంకొకటి, ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండలు ఒకప్పటి అగ్నిపర్వతాలేనా అని ఒక అబ్బాయి అడిగాడు.

ట్రేలో చూపించగలిగే మోడల్ ఏదైనా తెలిస్తే కొలతలతో సహా చెప్పగలరు.

రాతిపొర (విజయవాడ)

మాస్టారూ, చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. బెజవాడ కొండలు అగ్నిపర్వతాలు కావు. అవి తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ రాళ్లు. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయి తర్వాత పైకి తేలినవి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో ఇళ్ల మీద పడ్డది పగుళ్లు పట్టిన రాయి. భారీ వానకు నీరు ఆ పగుళ్లలో నిండి తోసేసింది. పిల్లలకు నిజమైన లావా రాయి చూపించాలంటే రాజమండ్రి పక్కన కాటేరు, గోదావరి ఇవతల పంగిడి క్వారీల నల్ల బసాల్టు ముక్క ఒకటి సంపాదించండి.

ఇక అసలు విషయం. అగ్నిపర్వతం ఒకే బండ అనుకుంటాం గానీ, అది పేర్చిన గుట్ట. ఒక పొర గట్టి లావా, దాని మీద బూడిద, దాని మీద రాళ్ల పొడి, మళ్లీ లావా. పొరలన్నీ బయటివైపుకే వాలి ఉంటాయి. శంకువు పై భాగంలో వాలు 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, అంటే వదులు రాయి నిలబడగలిగే హద్దు దగ్గరే నిలబడి ఉందన్నమాట.

దీనికి తోడు లోపల ఇంకో పని జరుగుతుంటుంది. కింది నుంచి వచ్చే గంధకపు వాయువులు భూగర్భజలంలో కలిసి ఆమ్లమవుతాయి. వందల, వేల ఏళ్లపాటు ఆ వేడి ఆమ్లం గట్టి రాయిని బంకమట్టిగా మార్చేస్తుంది. బయటి నుంచి చూస్తే పసుపు, తెలుపు మచ్చలు కనిపిస్తాయంతే. లోపల మాత్రం రాతికి బలం పోయి, నీరు బయటకు పోలేని మెత్తటి గుండె తయారవుతుంది. నా దృష్టిలో ఈ అంశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, పాఠాల్లో తక్కువగా కనిపించేది కూడా ఇదే. పొగ రాని కొండ క్షేమమని అనుకోవడానికి లేదు. పొగ ఆగినా బంకమట్టి మళ్లీ రాయి కాదు కదా.

ఇలా బలహీనపడ్డాక కూలడానికి చిన్న కారణం చాలు. శిలాద్రవం పక్కకు చొచ్చుకురావడం, భూకంపం, కుండపోత వాన, లోపలి నీరు వేడెక్కి పీడనం పెరగడం, పాదాన్ని నదో సముద్రమో హిమానీనదమో కోసేయడం, వీటిలో ఏదైనా సరే.

అమెరికాలో సెయింట్ హెలెన్స్ సంగతి చూడండి. 1980 మార్చిలో లోపలికి ఎక్కిన శిలాద్రవం ఉత్తరం పక్కను బయటికి ఉబ్బించింది. రోజుకు మీటరున్నర నుంచి రెండు మీటర్ల చొప్పున రెండు నెలల్లోపే ఆ పక్క 135 మీటర్లకు పైగా ముందుకొచ్చింది. మే 18 ఉదయం 8.32కి 5.1 తీవ్రతతో భూమి కంపించింది, ఆ పక్క మొత్తం జారిపోయింది. దాదాపు 2.5 ఘనపు కిలోమీటర్లు. మన లెక్కలో 88 టీఎంసీలు, అంటే నిండు పులిచింతలకు సుమారు రెండింతలు. పైనున్న బరువు ఒక్కసారిగా పోయేసరికి లోపల అణిగి ఉన్న శిలాద్రవం, కాగుతున్న నీరు పక్కకు పేలాయి. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి నాశనమైంది, 57 మంది చనిపోయారు. వరుస గమనించండి: పేలుడు వల్ల కొండ కూలలేదు, కొండ కూలడం వల్లే ఆ పేలుడు జరిగింది. 2,950 మీటర్ల శిఖరం 2,549 మీటర్లకు దిగింది.

లావా లేకుండా కూలినవి అడిగారు కదా. 1792లో జపాన్‌లో ఉన్‌జెన్ అగ్నిపర్వతం పక్కనున్న మయుయామా అనే పాత లావా గుమ్మటం భూకంపానికి కూలి సముద్రంలో పడింది. 0.34 ఘ.కి.మీ., 12 టీఎంసీలు. కొండ కింద పడినవాళ్లు, అది సముద్రంలో లేపిన అల వల్ల ఇటు షిమబరాలోనూ ఎదురు ఒడ్డున హిగోలోనూ పోయినవాళ్లు కలిపి సుమారు 15,000 మంది. నికరాగ్వాలో కసీతా అగ్నిపర్వతానిది ఇంకా గుండె కలచివేసే కథ. 1998 అక్టోబరు 30న మిచ్ తుఫాను వానకు పైభాగంలో కొంత ముక్క జారింది. మొదట జారింది సుమారు 16 లక్షల ఘనపు మీటర్లే, అంటే టీఎంసీలో సుమారు పద్దెనిమిదో వంతు. దారిలో నీళ్లనూ మట్టినీ కలుపుకుంటూ అనేక రెట్లు పెరిగి రెండు ఊళ్లను తుడిచేసింది. 2,000 మందికి పైగా పోయారు. ఆ రోజు అక్కడ విస్ఫోటమన్నదే లేదు. పరిమాణం చిన్నదైనా దారిలో ఊరుంటే చాలు.

లెవెల్ మిషన్ (గుంటూరు)

దూరం లెక్క నేను చెప్తాను మాస్టారూ. పిల్లలు కూడా చేయగలిగేదే.

జారిన చోటు పై అంచు నుంచి చివరికి ఆగిన చోటు దాకా ఎత్తు తేడాను ఎ అనండి. ఆ రెంటి మధ్య నేల మీది దూరాన్ని దూ అనండి. ఎ ÷ దూ అనే నిష్పత్తి చూస్తారు. మామూలు చిన్న కొండచరియకు ఇది 0.5, 0.6 ఉంటుంది, అంటే 100 మీటర్లు దిగితే 200 మీటర్లలోపు ఆగిపోతుంది. పరిమాణం పెరిగేకొద్దీ నిష్పత్తి పడిపోతుంది. ఒక ఘ.కి.మీ. దాటిన అగ్నిపర్వత పతనాలకు 0.1 దగ్గర ఉంటుంది. సెయింట్ హెలెన్స్‌లో రాళ్ల ప్రవాహం టూటల్ నది లోయ వెంట 22 కిలోమీటర్లు వెళ్లింది, గంటకు 180 నుంచి 250 కి.మీ. వేగంతో. లోయలో సగటున 45 మీటర్ల మందాన పేరుకుంది.

గూగుల్ ఎర్త్‌లో చేయండి. రూలర్‌లో పాత్ ఎంచుకుని శిఖరం నుంచి లోయ వంపుల వెంట గీత గీయండి, సేవ్ చేసి ఎలివేషన్ ప్రొఫైల్ తెరవండి. శిఖరం నుంచి 2,000 మీటర్లు దిగేటట్లయితే 0.1 లెక్కన 20 కి.మీ., 0.05 లెక్కన 40 కి.మీ. మ్యాపు మీద ఒక్క గీతతో సరిపెట్టకండి, ఈ రెంటి మధ్య పట్టీకి రంగు వేయండి. నిష్పత్తి గతంలో జరిగినవాటి సగటే తప్ప హద్దురాయి కాదు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది మూడు చోట్ల. కొండ చుట్టూ వృత్తం గీస్తారు, కానీ ప్రవాహం లోయల్ని పట్టుకుపోతుంది కాబట్టి వృత్తం లోపలి గట్టు మీది ఊరు బతకొచ్చు, వృత్తం బయటి నది ఒడ్డు ఊరు పోవచ్చు. రెండోది, ఎత్తును జారగల పక్క పై అంచు నుంచి కాకుండా ఎక్కడో కింద బిలం నుంచి తీసుకోవడం. మూడోదే పెద్దది: రాళ్ల ప్రవాహం ఆగిన చోటే ప్రమాదం ఆగిందనుకోవడం. బంకమట్టీ నీరూ ఎక్కువుంటే అది ఆగకుండా బురద ప్రవాహంగా మారిపోతుంది. దాన్నే లాహార్ అంటారు. అమెరికాలోనే ఉన్న రెయినియర్ అగ్నిపర్వతం నుంచి సుమారు 5,600 ఏళ్ల కింద 3.8 ఘ.కి.మీ. అలా దిగి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ దాకా వెళ్లింది. ఇప్పటి ఓర్టింగ్ పట్టణం సుమారు 500 ఏళ్ల కిందటి ఇంకో బురద ప్రవాహం పైనే ఉంది. ఆ రెండోదానికి ఫలానా విస్ఫోటం కారణమని ముడిపెట్టే ఆధారం దొరకలేదు.

ఇంకొకటి కలపండి. పడిన రాశి నదికి అడ్డుకట్టయితే వెనకాల చెరువు పుడుతుంది. ఆ కట్టకు స్పిల్‌వే ఉండదు, రివిట్‌మెంట్ ఉండదు. నీరు పైనుంచి పొర్లిన రోజున కోసుకుపోతుంది, అప్పుడు కింది ఊళ్లకు రెండో విపత్తు. సెయింట్ హెలెన్స్ దగ్గర స్పిరిట్ లేక్‌కు దారి మూసుకుపోతే, నీటిమట్టం పెరగకుండా 2.6 కి.మీ. సొరంగం తవ్వి 1985లో నీళ్లు వదిలారు. దాని నిర్వహణ ఇప్పటికీ తప్పడం లేదు.

పాత పతనాన్ని గుర్తుపట్టాలంటే కొండకు ఒక వైపు గుర్రపు లాడం ఆకారంలో తెరుచుకున్న గుంట ఉంటుంది, దాని ఎదురుగా మైదానంలో వందల తిప్పలు, అంటే చిన్న గుట్టలు, చెదురుగా కనిపిస్తాయి. కాలిఫోర్నియాలో షాస్తా అగ్నిపర్వతానికి ఉత్తరాన ఉన్నవి సుమారు 45 ఘ.కి.మీ. రాశి. అంటే 1,590 టీఎంసీలు, ఐదు నాగార్జునసాగర్లు. 1980 తర్వాతే ఆ తిప్పలు ఒకే పతనం నుంచి వచ్చినవని శాస్త్రవేత్తలు గుర్తించారు. పిల్లలకు తెరమీద చూపించండి, భలే కనిపిస్తాయి.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

ఇద్దరికీ ధన్యవాదాలండీ. టీఎంసీల్లో చెప్పడం పిల్లలకు వెంటనే ఎక్కింది. ముందుగా పసిగట్టే సంగతి, మన తీరం సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది. నెట్‌లో లా పాల్మా దీవి కూలితే అట్లాంటిక్ అంతా మునుగుతుందని వీడియోలు తిరుగుతున్నాయి, అవి నమ్మొచ్చా?

అలల లెక్క (విజయవాడ)

పసిగట్టే పరికరాలు చాలానే ఉన్నాయి మాస్టారూ. కొండ మీద జీపీఎస్ స్టేషన్లు మిల్లీమీటర్లలో కదలిక చెప్తాయి. టిల్ట్‌మీటర్లు వాలు మార్పును పడతాయి. ఉపగ్రహ రాడార్‌తో చేసే ఇన్‌సార్ పద్ధతి కొన్ని రోజులకొకసారి మొత్తం పక్క ఎంత కదిలిందో బొమ్మ ఇస్తుంది. దట్టమైన చెట్లున్న చోట, ఉత్తర దక్షిణాలుగా జరిగే కదలికకు మాత్రం అది బలహీనం. హెలికాప్టర్ నుంచి అయస్కాంత సర్వే చేస్తే ఆమ్లం తిన్న రాయి ఎక్కడుందో తేలుతుంది, ఎందుకంటే బంకమట్టిగా మారిన రాయికి అయస్కాంత గుణం పోతుంది. రెయినియర్ మీద అలాగే చేసి ఏ పక్క బలహీనమో మ్యాపు గీశారు.

అయినా ఏ గంటకు కూలుతుందో చెప్పడం వేరే సంగతి. సెయింట్ హెలెన్స్ ఉబ్బును రోజూ కొలిచారు. కూలిన రోజు ఉదయం తీసిన కొలతల్లో కూడా వేగం పెరగలేదు. అందుకే గంట కోసం ఎదురుచూడకుండా, కదులుతున్న పక్కకు ఎదురుగా ఉన్న లోయను ముందే ఖాళీ చేయించడం ఒక్కటే దారి. రెయినియర్ లోయల్లో ఇంకో ఏర్పాటు ఉంది. నేల అదురును పట్టే సెన్సర్లు పైన పెట్టారు, బురద బయల్దేరగానే కింద సైరన్లు మోగుతాయి. ఓర్టింగ్‌కు అందే సమయం గంటకు అటూ ఇటూ. అందుకే అక్కడి బడుల్లో పిల్లలను నడిపించి గట్టు ఎక్కించే డ్రిల్లు చేస్తారు.

సముద్రం విషయానికొస్తే 2018 డిసెంబరు 22 తప్పకుండా చెప్పాలి. ఇండొనేషియాలో అనక్ క్రకటౌ నైరుతి పక్క రాత్రి 9 ప్రాంతంలో సముద్రంలోకి జారింది. 338 మీటర్ల కొండ 110 మీటర్లకు దిగింది. జారింది పావు ఘ.కి.మీ. చుట్టుపక్కల, దాదాపు 9 టీఎంసీలు, అంటే ప్రకాశం బ్యారేజీ జలాశయానికి మూడింతలు. అరగంటలో జావా, సుమాత్రా ఒడ్లకు అలలు చేరాయి, 437 మంది చనిపోయారు. హెచ్చరిక ఎందుకు రాలేదంటే, సునామీ కేంద్రాలు పెద్ద భూకంపాన్ని చూసి లెక్క మొదలుపెడతాయి. ఇక్కడ అలాంటి భూకంపమే లేదు. 2012లోనే ఒక పరిశోధన బృందం ఇదే పక్క 0.28 ఘ.కి.మీ. కూలితే అలలు ఎలా ఉంటాయో లెక్కగట్టి ప్రచురించింది. లెక్క ఉంది, దానికి తగ్గ గంట కట్టలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మన తీరానికి వద్దాం. బారెన్ ఐలాండ్ 1991 నుంచి విరామాలతో రగులుతూనే ఉంది. సముద్రం పైకి కనిపించేది సుమారు 350 మీటర్లు. మచిలీపట్నం నుంచి దాదాపు 1,400 కి.మీ. దూరం, మధ్యలో అండమాన్ దీవులు అడ్డు. చిన్న చోట పుట్టిన అల పొడవు తక్కువ, దూరం పోయేకొద్దీ త్వరగా బలం పోగొట్టుకుంటుంది. వందల కిలోమీటర్ల భ్రంశం కదిలితే పుట్టే అల అలా తగ్గదు. 2004 డిసెంబరు 26న మన దాకా వచ్చింది అటువంటిదే. కాబట్టి సూర్యలంకకూ మంగినపూడికీ అసలు భయం సుమాత్రా, అండమాన్ భ్రంశాల నుంచి. దాన్ని కాపు కాయడానికి హైదరాబాద్ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి హెచ్చరిక కేంద్రం నడుస్తోంది, సముద్రగర్భ పీడన యంత్రాలూ తీరపు టైడ్ గేజ్‌లూ దానికి కళ్లు. బారెన్ పక్క కూలితే మొదటి దెబ్బ చుట్టుపక్కల పడవలకూ దగ్గరి అండమాన్ ఒడ్లకూ.

లా పాల్మా వీడియోల మూలం 2001 నాటి పరిశోధన పత్రం. 500 ఘ.కి.మీ. ఒకే ముక్కగా, అత్యంత వేగంగా జారితే అన్న ఊహ మీద కట్టిన లెక్క అది. లా పాల్మా ఉన్న కానరీ దీవుల చుట్టూ సముద్రగర్భంలో దొరికిన పాత పతనాల పొరలు చూస్తే విడతలు విడతలుగా జారినట్టు తెలుస్తోంది. విడతలైతే అల చాలా చిన్నది. 2021 సెప్టెంబరు 19 నుంచి డిసెంబరు దాకా అక్కడ విస్ఫోటం సాగింది, పక్క కూలలేదు. పిల్లలకు ఆ వీడియోలు చూపించకండి. అనక్ క్రకటౌ ముందు, తర్వాత తీసిన ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టండి.

చార్టు మీద ఒక మాట పెద్దక్షరాలతో రాయించండి: లోయలో ఉండి గర్జన లాంటి శబ్దం వింటే లోయ వెంట కిందికి పరిగెత్తకూడదు, పక్క గట్టు ఎక్కాలి, వంతెన దాటే ముందు ఎగువకు చూడాలి. అగ్నిపర్వత దీవుల ఒడ్డునైతే భూమి కంపించకపోయినా సరే, నీరు వెనక్కి తగ్గినా వింతగా హోరెత్తినా ఎత్తుకు వెళ్లాలి.

ఇసుక జల్లెడ (విజయవాడ)

ట్రే మోడల్ కొలతలు ఇవిగో. 90 × 60 సెం.మీ. ప్లైవుడ్ ట్రే, అంచు 5 సెం.మీ. ఎండిన సన్న ఇసుక 8 కిలోలు జల్లెడ పట్టి తీసుకోండి, 800 గ్రాముల మైదా కలపండి. మైదా కొంచెం పట్టు ఇస్తుంది, అప్పుడే పగుళ్లు కనిపిస్తాయి. అడుగు వ్యాసార్ధం 20 సెం.మీ., ఎత్తు 13 సెం.మీ. శంకువు పోయండి, వాలు 33 డిగ్రీలు వస్తుంది. ట్రే మధ్యలో కాకుండా ఒక చివరకు జరిపి పోయండి, ముందు వైపు జారడానికి చోటుండాలి.

ఉబ్బించడానికి చిన్న బెలూన్, మందుల షాపులో దొరికే సెలైన్ ట్యూబు, 50 మి.లీ. సిరంజి. గాలి బదులు నీళ్లు వాడండి, అప్పుడు ఎంత ఎక్కించామో సిరంజి మీద కొలత దొరుకుతుంది. బెలూన్‌ను ముందే రెండు మూడుసార్లు ఊది వదలండి, లేకపోతే మొదట బిగిసి ఉండి తర్వాత ఒక్కసారిగా ఉబ్బుతుంది. ముడి దగ్గర దారంతో గట్టిగా కట్టాలి, నీరు కారితే ఇసుక తడిసి మోడల్ పాడైపోతుంది. బెలూన్‌ను శంకువు నడుముకు కాస్త పైన, ముందు పక్కన, ఉపరితలం నుంచి 4–5 సెం.మీ. లోతులో పాతండి. శంకువు సగం పోశాక పెడితే సులువు.

ఆమ్లం తిన్న రాయికి గుర్తుగా ముందు పక్క లోపల టాల్కం పౌడర్ పొర వేయండి, 3 మి.మీ. మందం, బయటికి వాలేలా. ఒకసారి ఆ పొరతో, ఒకసారి అది లేకుండా చేసి చూపిస్తే తేడా వాళ్ల కళ్లకే తెలుస్తుంది. సిరంజిని 10 మి.లీ. చొప్పున నొక్కి ఆగండి. పక్క మీద గుండుసూదులు వరుసగా గుచ్చి, ప్రతిసారీ స్కేలుతో జరిగిన దూరం రాయించండి.

ఒక హెచ్చరిక మాత్రం చార్టులో ఉండాలి. ట్రేలో జారిన ఇసుక దగ్గర్లోనే ఆగిపోతుంది, ఎ ÷ దూ 0.5 పైనే వస్తుంది. అసలు పతనంలో 0.1 దగ్గర. అంత పరిమాణం, అంత నీరు, అంత వేగం ట్రేలో రావు. ఎలా మొదలవుతుందో ఈ మోడల్ చూపిస్తుంది గానీ ఎంత దూరం పోతుందో చూపించలేదు.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

ఈ రోజు చేసి చూశాం. పక్క బాగా ఉబ్బింది, పైన పగుళ్లూ వచ్చాయి. 60 మి.లీ. ఎక్కించినా జారలేదు. టాల్కం పొర వేశాం, ఇసుక పొడిగానే ఉంది అనిపించింది.

ఇసుక జల్లెడ (విజయవాడ)

రెండు కారణాలు ఉండొచ్చండీ. మొదటిది, పొర చివర ఎక్కడ తేలింది? పౌడర్ పొర కింది అంచు వాలు మీద బయటికి కనిపించాలి, పాదానికి 2–3 సెం.మీ. పైన. లోపలే ఆగిపోతే ముందున్న ఇసుక అడ్డుకట్టలా పట్టేస్తుంది. అసలు కొండల్లోనూ అంతే, బలహీనమైన పొర వాలు మీద బయటపడిన చోట జారడం సులువు. బెలూన్ ఆ పొరకు కిందా వెనకా ఉండాలి, పైన కాదు.

రెండోది, ఈ వానాకాలపు చెమ్మ. చేతికి పొడిగా తగిలినా ఇసుకకు తడి పట్టు ఉంటుంది. పిడికిట్లో నొక్కి వదిలితే ఇసుక ముద్దగా నిలబడకూడదు. టార్పాలిన్ మీద పలచగా ఒక పూట ఎండబెట్టండి, ఎండ లేకపోతే ఇనప బాండీలో వేయించండి, చల్లారాకే మైదా కలపండి. మైదా 400 గ్రాములకు తగ్గించండి. అప్పటికీ కదలకపోతే 60 మి.లీ. దగ్గర ట్రే వెనక అంచును వేలితో రెండుసార్లు తట్టండి, ఆ తట్టే భూకంపం. సూదుల లెక్కలు గ్రాఫు కాగితం మీద వేయించడం మరవకండి, అడ్డంగా మి.లీ., నిలువుగా మి.మీ. జారే ముందు గీత నిటారుగా లేచిందా, మామూలుగానే ఉండి జారిందా అన్నది ప్రతి ప్రయత్నానికీ విడిగా రాయించండి.